మెత్తని పాదాల అక్షరాలు

ఆమెను పనిచోట అందరూ మూలలమ్మ అనేవారు. అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది హాజరు పుస్తకంలో హాయిగా నిద్రపోతోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే, చెక్క అక్షరాల మూలలు చెక్కడం.

నవ్వొస్తే నవ్వుకోండి. అదీ ఒక పనేనా అని ఆమె పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా నవ్వారు, ఆ సంబంధం అక్కడితో సరి. గోడలకు అతికించే పెద్ద పోస్టర్ల కోసం ఇంగ్లీషు అక్షరాలను చెక్కలో చేసే చిన్న కార్ఖానా అది. అక్కడ నకలు తీసే యంత్రం ఒకటి ఉండేది. దాని ఒక చేతికి మొండి సూది, రెండో చేతికి గిర్రున తిరిగే కత్తి. సూదిని నమూనా అంచు వెంట నడిపిస్తే, అవతల కత్తి చెక్కను తవ్వుకుంటూ అదే అక్షరాన్ని నిలబెడుతుంది. అంతా బాగానే ఉంది గానీ, తిరిగే కత్తి ఏ మూలకు వెళ్ళినా గుండ్రంగానే తవ్వి వస్తుంది. దాని పుట్టుకే అంత. ఆ మూలలో మిగిలిపోయిన పిసరంత చెక్కను చాకుతో తీసి, పదును తేల్చేది మూలలమ్మ.

అక్కడ తయారయ్యే అక్షరాలన్నీ ఒకే వంశానివి. ఒళ్ళు లావు, పాదాలు మరీ లావు. ప్రతి నిలువు గీత కిందా పలకలాంటి మందపాటి పాదం ఉంటుంది, ఆ పాదానికి గీస్తే తెగే అంచు ఉంటుంది. అవి పోస్టరు మీద నిలబడి ఏం చెప్పినా హుకుం జారీ చేసినట్టే ఉంటుంది. ఆ దర్పమంతా తన చాకులోంచి వచ్చిందని మూలలమ్మకు లోలోపల కాస్త గర్వం. ఎవరితోనూ అనలేదు గానీ, పోస్టరు కనబడితే మనుషుల్ని తోసుకునైనా వెళ్ళి మూలలు చూసి వచ్చేది.

ఇంట్లో ఆమె పేరు బుల్లి. నలభై ఆరేళ్ళ మనిషిని బుల్లీ అని పిలవగలిగే ప్రాణి ఈ భూమ్మీద ఒక్కతే, ఆమె అక్క. అక్క పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయిన ఏడాదే జడలు వేయడం నేర్చుకుని చెల్లెల్ని బడికి పంపింది, తను అచ్చాఫీసులో చేరి ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చింది. అచ్చు అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడ్డాకే అది నలుగురికీ అర్థమయ్యే మొహం పెడుతుంది. అక్క ఆ తిరగబడ్డ వరసలను కళ్ళు మూసుకుని వేళ్ళతో చదివేది. "మూడో వరసలో ఒక ‘ఇ’ అంచు విరిగింది, మార్చండి," అనేది. మారిస్తే ఆమె మాటే నిజమయ్యేది.

రెండేళ్ళలో అక్క చూపు మెల్లమెల్లగా పోయింది. ముందు చిన్న అక్షరాలు, తర్వాత పెద్దవి, తర్వాత చెల్లెలి మొహం. అప్పుడు కూడా అక్క ఏడవలేదు. "చూసినంత చూశాను, ఇంకేం చూస్తానే," అని కొట్టిపారేసింది.

అసలు దెబ్బ తలుపు దగ్గర తగిలింది. వాళ్ళుండేది మేడ మీద. గదుల మధ్య పొడవాటి నడవా, దానికి ఒకే వైపున నాలుగు తలుపులు. వంటిల్లు, స్నానాలగది, పడకగది, చివరిది వీధిలోకి దిగే మెట్ల తలుపు. కింది ఇంటి పెరట్లోంచి ఎక్కే ఇరుకు మెట్లు వెనక వేరే ఉన్నాయి. కట్టినవాడికి ఊహ కరువై నాలుగింటికీ ఒకే పలకలు, ఒకే పిడి పెట్టాడు. ఒకనాటి మధ్యాహ్నం అక్క స్నానాలగది అనుకుని మెట్ల తలుపు తీసింది. ఒక కాలు గాల్లోకి వేసింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకోబట్టి బతికిపోయింది గానీ, చెల్లెలు ఇంటికి వచ్చేదాకా ఆ గడప దగ్గరే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి అక్క కుర్చీ దిగలేదు. పొద్దున్న చెల్లెలు కూర్చోబెట్టి వెళితే, సాయంత్రం చెల్లెలు లేపేదాకా ఇనప పొయ్యి పక్కనే ఉండేది. పక్కన గంపలో చెక్క ముక్కలుంటాయి, చేత్తో తడిమి ఒక్కొక్కటే పొయ్యిలో వేస్తుంది. మిగిలిన పని అదొక్కటే. కొన్నాళ్ళకు మూలలమ్మ గమనించింది, పొద్దున నింపిపెట్టిన నీళ్ళ చెంబు సాయంత్రానికి నిండుగానే ఉంటోంది. లేచి వెళ్ళాల్సి వస్తుందని అక్క పగలు నీళ్ళు తాగడం మానేసింది. ఆ చెంబు చూసిన సాయంత్రం మూలలమ్మకు అన్నం సహించలేదు. అక్క ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మళ్ళీ నడవాలి. మూలలమ్మకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆలోచన రావడానికి రెండు రోజులు పట్టింది, వచ్చాక సిగ్గేసింది. ఇంత సులువైనది ఇన్నాళ్ళూ తోచలేదేమిటి? తలుపుకొక అక్షరం. ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు. వంటింటికి ‘కె’, స్నానాలగదికి ‘బి’, ‘బి’ అయిపోయింది కనుక పడకగదికి రూము ‘ఆర్’, మెట్లకు ‘ఎస్’, పెద్దబడివి కాదు, అన్నీ చిన్న బడి అక్షరాలే. అక్క వేళ్ళతో తాకి తెలుసుకుంటుంది. ఇవి తలుపు మీద అక్షరాలు కదా, అచ్చు వేసేవి కావు కదా అని, నమూనాలను బోర్లా తిప్పి, అక్షరాలను సరైన వైపుకే చెక్కింది. పని ముగిశాక ఒంటరిగా కూర్చుని ఒక్కో మూలనూ ప్రాణం పెట్టి పదును చేసింది. పంతొమ్మిదేళ్ళలో అంత మంచి మూలలు చెక్కలేదనుకుంది.

ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా ‘బి’ తీసి అక్క చేతిలో పెట్టింది.

"చదువక్కా. తలుపుకొకటి చేసుకొచ్చాను."

అక్క మొహం వెలిగింది. ఎన్నాళ్ళకో తన పని తన చేతికొచ్చింది మరి. బొటనవేలు నిలువు గీత మీంచి జారింది, చూపుడువేలు పొట్ట చుట్టూ తిరిగింది.

"డి," అంది. "మనింట్లో ‘డి’ ఏముందే?"

"‘డి’ కాదక్కా, ‘బి’."

అక్క మళ్ళీ తడిమింది. ఈసారి నెమ్మదిగా, పెదవులు బిగించి. "డి," అంది చిన్న గొంతుతో. మూడోసారి గాభరాగా రుద్దింది. పాదం అంచున లేచిన పేడు గోటికింద దిగబడింది. అక్షరం కిందపడి దొర్లింది.

"అయ్యో, చూడనీ అక్కా. అంచు పదునెక్కువైంది, అందుకే తెలియలేదు నీకు..."

"నాకు సర్దిచెప్పకు," అంది అక్క. కాసేపు చెయ్యి చెల్లెలికి వదిలేసి కూర్చుంది. పేడు బయటికొచ్చాక అడిగింది. "కళ్ళు పోతే పోయాయిలే, వేళ్ళున్నాయి కదా అనుకున్నా. అవీ పోయాయా బుల్లీ?"

అప్పుడు ఏడ్చింది అక్క. మూలలమ్మ నాలుగు అక్షరాలనూ గుడ్డలో చుట్టి బీరువా మీద పడేసింది. ఏదో మేలు చేయబోయి, ఉన్న ఆ ఒక్క ధైర్యాన్నీ తన చేతులతోనే ఊడబెరికానని తనను తాను తిట్టుకుంది.

ఆ వారం ఆమె మనసు మనసులో లేదు. పోస్టర్ల కంపెనీ ఒకటి చిన్న బడి అక్షరాల సెట్టు అడిగింది. యంత్రం తన వంతు తవ్వి, మూలలు గుండ్రంగానే వదిలేసి, అక్షరాలను ఆమె బల్ల మీదికి పంపుతోంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బారుగా పడి, గాల్లో చెక్కపొడి బంగారపు నలుసుల్లా తేలుతోంది. యంత్రం జోలపాడినట్టు ఒకే రాగం తీస్తోంది. మూలలమ్మ చాకు తీసింది, మూల దగ్గర పెట్టింది, అక్కడే ఆగిపోయింది. ఆ మూల ఆమెకు మూలలా కనిపించలేదు. గోటికింద పేడులా కనిపించింది.

కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆమె అక్కడ లేదు. ఇంటి నడవాలో ఉంది. నడవా ఎంతకీ తరగడం లేదు. అక్షరాలు ఆమె పక్కనుంచి ఒక్కటొక్కటే వెళుతున్నాయి. లావుపాటి పాదాలతోనే, కానీ వట్టి కాళ్ళతో, చప్పుడు లేకుండా, నిద్రపోతున్న వాళ్ళను లేపకూడదన్నట్టు నడుస్తున్నాయి. వాటి మధ్యలో అక్క ఉంది. ‘ఆర్’ ఒకటి భుజం వంచితే దాని మీద చెయ్యి వేసింది. ఎక్కడికని ఎవరూ అడగడం లేదు. మూలలమ్మ పిలవబోయింది, గొంతులోంచి చెక్కపొడే వచ్చింది.

తెప్పరిల్లి చూసుకుంటే చేతిలో చాకు లేదు, గరుకు కాగితం ఉంది. లోపలి మూలలు తీయనేలేదు. బయటి మూలలను కూడా రుద్ది రుద్ది నున్నగా చేసేసింది. ఒకటీ రెండూ కాదు, సగం సెట్టు. పది స్నానాలు చేసిన సబ్బుల్లా బల్ల మీద వరసగా కూర్చున్నాయి.

మేస్త్రీ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. కార్ఖానా ఆయనదే, కోపం ముక్కు మీదే ఉంటుంది, కాకపోతే ఆ కోపానికి తుమ్ముకున్నంత ఆయుష్షు.

"ఏంటమ్మా ఇది? పుట్టీపుట్టగానే వీటిని ముసలివాళ్ళని చేశావ్!"

"పొరపాటైందండీ. ఏదో పరధ్యానంలో..."

"సగం సెట్టు పరధ్యానమా? ఉండు, ఎంత దరిద్రంగా పడుతుందో చూద్దాం." అక్కడికక్కడే కొన్ని అక్షరాలు బిగించి, సిరా రాసి, కాగితం మీద ఒత్తాడు. ఆయన ఎంచుకున్నవి ‘లోపలికి రాకూడదు’ అనే ఇంగ్లీషు మాటలు. ఎన్ని ఫ్యాక్టరీల గేట్లకు అమ్మాడో ఆ మాటల్ని. కాగితం పైకి లేపి చాలాసేపు చూశాడు.

"ఇదేంటిది? రాకూడదు గానీ, వచ్చారు కాబట్టి కూర్చోండి అన్నట్టుంది."

మూలలమ్మకు భయంలోనూ నవ్వొచ్చింది. మేస్త్రీకి పట్టుదల పెరిగి ‘ప్రమాదం’ అని బిగించాడు. అది మరీ అన్యాయం. ప్రమాదం కడుపునిండా తిని దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు పడింది. లావు అదే, పాదాలూ అవే, నిలబడిన తీరూ అదే, నేలను వదలని ఆ నిబ్బరం ఎక్కడికీ పోలేదు. గద్దింపు ఒక్కటే పోయింది. చిన్నప్పుడు మనల్ని తిట్టడం చేతకాని మేనత్త ఒకావిడ ఉంటుంది చూడండి, ఎంత అరిచినా ఆవిడ ఒళ్ళోనే కూర్చునేవాళ్ళం. అలాంటి అక్షరం అది.

"ఎవర్నీ బెదిరించడానికి పనికిరాదిది," అని తేల్చాడు మేస్త్రీ. "దుప్పట్ల కొట్టుకో, పిల్లల పుస్తకానికో, దగ్గుమందు సీసాకో అయితే బాగుంటుందేమో. వాళ్ళడిగింది మాత్రం పదునువి. రేపట్నుంచి మళ్ళీ మొదలెట్టు. ఇవి పొయ్యిలోకి." ఇలా జరక్కూడదని అందరికీ తెలియడానికంటూ ఆ కాగితాన్ని గోడకు గుచ్చాడు. పోయేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చెడిపోయిన చెక్కను పనివాళ్ళు ఇంటికి తీసుకుపోవడం అక్కడ మామూలే. మూలలమ్మ ఆ సాయంత్రం సంచీ తెచ్చి అక్క పక్కన గంపలో గుమ్మరించి, కూరగాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్ళింది. అక్షరాల ఊసే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది కాబట్టి అవేమిటో చెప్పలేదు. పొయ్యి తలుపు కిర్రుమనడం వినబడింది. ఒక ముక్క పడిన చప్పుడు, ఇంకో ముక్క. తర్వాత చప్పుడు ఆగిపోయింది.

"బుల్లీ."

"ఆ."

"ఈ ‘బి’ ఏం పాపం చేసిందే, పొయ్యిలో పెడుతున్నావు?"

మూలలమ్మ చేతిలో కత్తి ఆగింది. గుమ్మంలోకి వచ్చేసరికి అక్క ఒళ్ళో గంప పెట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి తడిమి, ఒళ్ళో వరసగా పేర్చుకుంటోంది. "ఇది ‘కె’. ఇది ‘ఆర్’, భుజం కాస్త వంగింది. ఇది ‘ఎమ్’, అబ్బో, పిల్లలతల్లిలా ఉంది. ఇది ‘జి’..." ఆమె గొంతులో అచ్చాఫీసు ధాటి మళ్ళీ వచ్చేసింది. ఒక్కటీ తప్పలేదు.

అప్పుడు అర్థమైంది మూలలమ్మకు. నెత్తిన కొట్టుకోవాలనిపించింది. ముప్పై ఏళ్ళు అక్క తాకింది తిరగబడ్డ అక్షరాలను. ఆ వేళ్ళకు తెలిసిన ‘బి’ అదే, సరైన వైపున్న ‘బి’ వాటికి ‘డి’గానే తగులుతుంది. అచ్చు అక్షరాల మధ్యే బతికిన తను, ఇంట్లో పెట్టేవి కదా అని ప్రత్యేకంగా పనిగట్టుకుని సరైన వైపుకు తిప్పి తీసుకొచ్చింది! ఆమె నేల మీద కూలబడి, నవ్వూ ఏడుపూ కలిసిపోయి, సంగతంతా చెప్పింది.

అక్క నోరు తెరుచుకుని వింది. "అంటే నా వేళ్ళు బాగానే ఉన్నాయన్నమాట."

"నిక్షేపంలా ఉన్నాయక్కా. నా బుర్రే బాగాలేదు."

"అది నాకు నీ చిన్నప్పట్నుంచీ తెలుసులే," అంది అక్క. ‘బి’ని చెంపకు ఆనించుకుంది. "ఇవెవరు చేశారే? కొత్త చెక్క వాసనేస్తోంది, చేతికి మాత్రం పాతికేళ్ళు పేర్చిన అక్షరంలా ఉంది. ఎక్కడా కసరడం లేదు."

మర్నాడే మూడు తలుపులకు అక్క చెయ్యెత్తు చూసి మూడు గుండ్రటి అక్షరాలు బిగించింది మూలలమ్మ. నాలుగో తలుపు దగ్గర ఆగి ఆలోచించింది. బీరువా మీద గుడ్డలో ఉన్న పాత ‘ఎస్’ను తీసింది. పదునుది, అక్క వేళ్ళకు తిరకాసుగా తగిలేది. దాన్నే మెట్ల తలుపుకు కొట్టింది. పదునైన అక్షరానికి అదే సరైన చోటని ఆమె నమ్మకం. "ఇది గుచ్చుకుందంటే మెట్లన్నమాట, వెంటనే వెనక్కొచ్చెయ్యి," అంది. అక్క వేలు పెట్టి చూసి చటుక్కున తీసేసింది. 

ఇల్లు మారిపోయింది. గోడ వెంట చెయ్యి పాకించుకుంటూ అక్క నడవసాగింది. మొదట మూడడుగులకోసారి ఆగేది, తర్వాత ఆగడం మానేసింది. నీళ్ళ చెంబు మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది. కింది ఇంటావిడ వచ్చి, తలుపుల మీద అక్షరాలు తిరగబడ్డాయేంటండీ అంటే, "మీరు అటువైపు నుంచి చూస్తున్నారు," అని అక్క గంభీరంగా చెప్పి పంపింది. మూలలమ్మకు ఒకటే చిక్కు, పనికి కట్టుకెళ్ళే అప్రాన్ జేబులో గరుకు కాగితం ముక్కలు ఉండాల్సినన్ని ఉండటం లేదు. తన పరధ్యానం ఇంకా తగ్గలేదనుకుంది.

అక్కడ కార్ఖానాలో, గోడకు గుచ్చిన కాగితాన్ని పిల్లల బూట్ల దుకాణం వాళ్ళెవరో చూసి, మాకు ఇలాంటివే కావాలన్నారు. మేస్త్రీ ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఆ అరిగిపోయిన అక్షరాలు పూర్తి సెట్టు చెయ్యాలమ్మా. దానికో పేరు కూడా కావాలిట. ఏం పెడదాం?"

"మా అక్కనడిగి చెప్తానండీ."

"అయితే ఇప్పుడే వెళ్ళి అడుగు," అన్నాడాయన. మూడు గంటలకే ఇంటికి పంపడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదలు.

వీధి చివరిదాకా పరుగులాంటి నడక నడిచి, కింది ఇంటావిడకు ఒక సంచీ ఇచ్చేది ఉంటే పెరటి సందులోంచి వెళ్ళి, ఆ వెనక మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చింది మూలలమ్మ. కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో లేదు. స్నానాలగదిలో లేదు. పడకగదిలో పక్క మడత పెట్టి ఉంది. నడవా చివర మెట్ల తలుపు బార్లా తీసి ఉంది, ఎండ లోపలికి పడుతోంది.

  నడవా అంతా గోడ పట్టుకునే వెళ్ళింది, కళ్ళున్న మనిషి. తలుపును ఆసరా చేసుకున్న చేతికి ‘ఎస్’ తగిలింది. తగిలింది గానీ గుచ్చుకోలేదు.

చూసింది. రోజూ ఇదే తలుపు తీసి పనికి పోతూ కూడా గమనించలేదు, మూలలు లేవు. తను ప్రాణం పెట్టి చెక్కిన పదునంతా పోయి, అక్షరం మెత్తగా, కాస్త వంకరగా, ఒకవైపు ఎక్కువ అరిగి ఉంది. చూడకుండా రుద్దినవాళ్ళు రుద్దినట్టే ఉంది. కింద గడప మీద సన్నటి చెక్కపొడి, పక్కన నాలుగు గరుకు కాగితం ముక్కలు వాడిపడేసి ఉన్నాయి.

మెట్ల అడుగున, చివరి మెట్టు మీద, వీధి ఎండలో కాళ్ళు చాపుకుని అక్క కూర్చుని ఉంది.

"మెల్లిగా దిగు," అంది తల తిప్పకుండానే. "పంతొమ్మిది మెట్లు. పదకొండోది కాస్త ఎత్తు."

మూలలమ్మ దిగి పక్కన కూలబడింది. ఊపిరి అందాక అక్క చెయ్యి లాక్కుని చూసింది. వేళ్ళ కొసలు ఎర్రగా గీసుకుపోయి ఉన్నాయి.

"పడితే ఏమయ్యేది అక్కా? భయం వెయ్యలేదా?"

"వేసింది. మూడు రోజులు తలుపు తీసి మూసేశాను." అక్క ఎండకు మొహం ఎత్తింది. "మూడు తలుపులు దా దా అంటుంటే, అదొక్కటి మాత్రం పో పో అని కసిరేది. నా ఇంట్లో నన్ను కసిరే తలుపు ఎందుకే బుల్లీ? వారం రోజులు కూర్చుని దాని కోపం తీర్చాను."

"నువ్వు పడిపోతావనే కదా పెట్టాను..."

"తెలుసులే. అది తిరగబడి ఉంటుంది, దాన్ని కూడా నేర్చేసుకున్నా. నువ్వు మూలలు చెక్కుతావు, నేను తీసేస్తాను. ఇక వాదించకు."

 మూలలమ్మ ఆ గీసుకుపోయిన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. అక్కను కాపాడుతున్నాననుకుంటూ ఒక తలుపుకు పళ్ళు మొలిపించింది తను. ఆమెకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా సంతోషమేసింది. పేరు సంగతి అడగాలన్న మాటే మర్చిపోయింది. ఏడుపు వల్లో పరుగు వల్లో నోరు పిడచగట్టుకుపోయి దగ్గొచ్చింది.

"దాహంగా ఉందా?" అంది అక్క.

"తెచ్చుకుంటాలే."

"కూర్చో. నేను తెస్తాను."

అక్క మెట్ల కమ్మీ పట్టుకుని లేచింది. మూలలమ్మ లేవబోయి, మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అడుగులు ఒక్కొక్కటే పైకి వెళ్ళాయి. ఎత్తు మెట్టు దగ్గర కాస్త ఆగి మళ్ళీ కదిలాయి. పైన తలుపు దగ్గర ఒక క్షణం నిలిచాయి, తర్వాత నడవాలో సాగిపోయాయి. గోడ వెంట చెయ్యి జరుగుతున్న సన్నటి చప్పుడు, రెండు తలుపులు దాటి, ‘కె’ దగ్గర ఆగింది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు కిందిదాకా వినబడింది.